తొలికోడి కంటే ముందే లేచే ఊళ్లు

కర్నూలు, కడప సీమల్లో ఈస్టర్ పండుగ గుడిలో మొదలవదు, సమాధుల తోటలో మొదలవుతుంది. కరువు నేల మీద తిరిగి పుట్టడమంటే ఏమిటో చెప్పే కథ ఇది.

తెల్లవారుజాము మూడున్నర. నంద్యాల నుంచి కోవెలకుంట్ల వైపు పోయే దారిలో, నల్లరేగడి చేల నడుమ ఉన్న ఊళ్లలో ఇంకా కుక్కలే మేలుకుని ఉంటాయి. ఊరి చివర తుమ్మచెట్ల కింద మాత్రం అప్పటికే జనం చేరి ఉంటారు. శనివారం పొద్దుగూకే లోపే ఆడవాళ్లు వచ్చి కంప నరికి, సమాధులకు సున్నం కొట్టి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి పోయారు. ఇప్పుడు ఒక్కో సమాధి తలాపున బంతిపూలు, రెండేసి కొవ్వొత్తులు. గాలికి ఒకటి ఆరితే పక్కవాళ్ల సమాధి మీద నుంచి అంటించుకుంటారు. గట్టు తగాదాలతో ఏళ్లుగా మాటల్లేని ఇళ్లవాళ్లు కూడా ఆ పూట ఒకే అగ్గిపెట్టె వాడతారు.

ఓ అవ్వ పెనిమిటి సమాధి పక్కన చతికిలబడి, మనవరాలికి పెళ్లి కుదిరిన సంగతి ఆయనకు చెబుతుంటుంది. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది. ఇంతలో తెల్ల అంగీ వేసుకుని పాస్టరు అయ్యగారు వస్తారు. "ప్రభువు లేచినాడు" అని ఆయన గట్టిగా అంటే, "నిజంగా లేచినాడు" అని తోటంతా బదులిస్తుంది. డోలక్ మీద దెబ్బ పడుతుంది. అప్పటిదాకా కళ్లొత్తుకుంటున్నవాళ్లే చప్పట్లు అందుకుంటారు. పాట పాడుకుంటూ ఊరేగింపుగా గుడికి చేరేసరికి తూర్పున నల్లమల మీద తెల్లబారుతుంది.

యేసు సమాధి దగ్గరికి స్త్రీలు తెల్లవారుజామునే వెళ్లారని సువార్తలు చెబుతాయి కాబట్టి ఆరాధన ఆ వేళకు. సీమలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఏ ప్రసంగంలోనూ వినపడదు. ఏప్రిల్లో తొమ్మిది దాటితే రేకుల గుడిలో కూర్చోవడం మనిషి వల్ల కాదు. నంద్యాల, కర్నూలు, కడప నలభై డిగ్రీలు దాటే రోజులవి.

ఏడ్చిన శుక్రవారం, మోగని శనివారం

ఈ సంతోషం ఆదివారం పొద్దున హఠాత్తుగా ఊడిపడదు. నలభై రోజుల ముందు నుంచి దానికి పునాది తవ్వుతారు. ప్రొటెస్టెంట్ల ఇళ్లలో అవి శ్రమల దినాలు, కతోలికులకు తపస్సు కాలం. చాలా ఇళ్లలో మాంసం బంద్. కొందరు మగవాళ్లు ఆ నలభై రోజులు సారా, బీడీ ముట్టరు. ఈస్టర్ మరుసటి రోజు మళ్లీ అందుకునేవాళ్లు ఉన్నారు, అసలు అందుకోనివాళ్లూ ఉన్నారు. ఆ రెండో రకం మనుషుల గురించి సాక్ష్యం చెప్పేది వాళ్లు కాదు, వాళ్ల పెళ్లాలు. ఆదివారం గుడిలో లేచి నిలబడి, మా ఇంట్లో ఫలానా ఏడాది ఈస్టర్ నుంచి కొట్లాట లేదని రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంటారు. మారుమనస్సు గురించి అంతకు మించిన ప్రసంగం నేను వినలేదు.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ధ్యానం. ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగీకుడు. తెల్లచీరలు, ఉపవాసం, మండే మధ్యాహ్నం. దాహమవుతోందన్న ఐదో మాట వచ్చేసరికి గుడిలో నిజంగానే గొంతులు ఎండిపోయి ఉంటాయి. ఆ మాటను అర్థం చేసుకోవడానికి సీమవాళ్లకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

కతోలిక గుళ్లలో గురువారం సాయంత్రం తర్వాత గంట మోగదు. శనివారం రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, గుడి బయట కొత్త మంట రాజేస్తారు. దాని నుంచి పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగించి చీకటి గుడిలోకి తెస్తారు. ఆ కొవ్వొత్తి మీద సిలువ, గ్రీకు అక్షరమాలలోని మొదటి, చివరి అక్షరాలు, ఆ ఏడాది అంకెలు చెక్కి ఉంటాయి. దాని నుంచి ఒకరి కొవ్వొత్తి, వాళ్ల నుంచి ఇంకొకరిది వెలుగుతూ నిమిషాల్లో గుడంతా వెలుతురు పాకుతుంది. పాఠాలు ముగిసి మహిమ గీతం ఎత్తుకోగానే మూగబోయిన గంటలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. కడప మరియాపురంలోని కెథడ్రల్‌లో గానీ, మారుమూల మిషన్ గుడిలో గానీ చిన్నపిల్లలు నిద్ర ఆపుకుని ఎదురుచూసేది ఆ గంటల కోసమే.

■ అదే చందమామ

*ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. అందుకే అది మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య ఎప్పుడైనా పడుతుంది. చాలా ఏళ్లలో ఆ పౌర్ణమి మన చైత్ర పౌర్ణమే అవుతుంది. కడప జిల్లా ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం పండువెన్నెల్లో జరిగేదీ ఆ రోజుల్లోనే. 2025లో ఏప్రిల్ 11న రాములవారి కల్యాణం, 20న ఈస్టర్. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు కాయా కర్పూరంతో వచ్చే జిల్లా ఇది. పండుగలు ఒకదాని పక్కన ఒకటి పడటం ఇక్కడ ఎవరికీ వింత కాదు.*

ధాత కరువు, కొత్త పేర్లు

కడపకు లండన్ మిషనరీ సొసైటీ 1822లో వచ్చింది. విలియం హోవెల్ అక్కడ తొలినాళ్ల మిషనరీ. 19వ శతాబ్దం నడుమ ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషన్ ముత్యాలపాడు, కలసపాడు ఊళ్లలో పాదుకుని తర్వాత నంద్యాలకు విస్తరించింది. కర్నూలు అమెరికన్ బాప్టిస్టులది. పట్నంలో కోల్స్ మెమోరియల్ హైస్కూలు వాళ్లు నిలబెట్టిందే. మిషనరీ స్టాంటన్ పేరు స్టాంటన్‌పురంగా ఇప్పటికీ అక్కడి జనం నోట్లో ఉంది. కతోలికుల చరిత్ర అంతకన్నా పాతది. 18వ శతాబ్దం మొదట్లోనే జెసూట్ గురువులు సీమలో తిరిగారు. వాళ్ల దగ్గర జ్ఞానస్నానం పొందిన రెడ్డి కుటుంబాలు కొన్ని కరువుకు, దండయాత్రలకు తాళలేక గుంటూరు వైపు తరలిపోయాయి.

కానీ ఈ నేల మీద గుడి పల్లెపల్లెకూ చేరింది మాత్రం దళితవాడల వల్లే. మిషనరీలు వచ్చి పిలిస్తే వెళ్లారన్న కథ సగమే నిజం. కందిమల్లాయపల్లెలో మఠం కట్టుకున్న పోతులూరి వీరబ్రహ్మం, ఆయన శిష్యులు దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య తిరిగిన నేల ఇది. కులం పుట్టుకతో రాదని, రాబోయే కాలం వేరుగా ఉంటుందని పాడుకుంటూ ఎదురుచూసిన గురుశిష్య బృందాలు ఇక్కడి వాడల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. తొలినాళ్లలో మిషన్ గడప తొక్కినవాళ్లలో అలాంటి సంప్రదాయాల శిష్యులు ఉన్నారని చరిత్రకారులు గుర్తించారు. వాళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. వెళ్లినప్పుడు వాడకు వాడే, పెద్దల మాట మీద వెళ్లింది. మొదట అడిగింది పంతుల్ని. వారమంతా బడి, ఆదివారం గుడి, రెండూ ఒకే పూరిపాక.

ఆ తర్వాత 1876లో వచ్చింది ధాత కరువు. రెండేళ్లు వానల్లేవు. 1871లో తొమ్మిది లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయింది. గంజి కేంద్రాలు, కాలువ పనులు, అనాథ పిల్లల హాస్టళ్లు మిషన్ల చుట్టూ పుట్టుకొచ్చాయి. ఒంగోలు దిక్కున బాప్టిస్టు మిషనరీ క్లౌ హయాంలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'గంజినీళ్ల క్రైస్తవులు' అని ఎగతాళి చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గంజి ఆగిపోయిన తర్వాత కూడా తరాల తరబడి వాళ్లు ఆ గుడిలోనే ఎందుకు ఉన్నారన్న ప్రశ్నకు ఆ ఎగతాళిలో జవాబు దొరకదు.

జవాబు సమాధుల తోటలో కొంత దొరుకుతుంది. పాత మిషన్ ఊళ్లలో రాళ్ల మీద పేర్లు చదవండి. దేవదానం, కరుణమ్మ, యేసురత్నం, జయమ్మ, యోహాను, సుగుణమ్మ. పొలం యజమాని పిలిచే 'ఒరేయ్'కు బదులు బాప్తిస్మపు నీటితో పాటు వచ్చిన పేర్లవి. బడికి వెళ్లిన కొడుకు, చదువురాని తండ్రి సమాధి మీద ఆ పేరు చెక్కించాడు. ఆ మనిషి బతుకంతా వేలిముద్రే వేశాడు. ఈస్టర్ నాడు మునిమనవడు ఆ అక్షరాల మీద సున్నం పడకుండా వేలితో తుడుస్తుంటాడు. చచ్చినవాళ్లు లేస్తారన్న నమ్మకం ఆ కుటుంబానికి ఆకాశంలోంచి ఊడిపడలేదు. కళ్లముందే కొంత జరిగింది, మిగతాది జరుగుతుందని నమ్మారు.

గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకోటి

సంతోషం గురించి రాస్తూ ఈ మాట దాటేయడం అన్యాయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, వాళ్లకు రిజర్వేషన్ ఒక్క శాతం. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది.

ఫలితం? గుడిలో యోహానుగా ఉన్నవాడు బడి రిజిస్టరులో సుంకన్న అవుతాడు. గుడిలో మరియమ్మ, రేషన్ కార్డులో మద్దమ్మ. జనాభా లెక్కల్లో క్రైస్తవుల శాతం చూసి, ఆదివారం రోడ్ల మీద జనాన్ని చూస్తే రెండూ పొసగవు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. మతం మారగానే మాలపల్లె ఊరి నడిబొడ్డుకు జరగలేదు కదా, వివక్ష మారనప్పుడు హక్కు ఎందుకు పోవాలని అడిగేవాళ్లున్నారు. నాకు రెండో వాళ్ల ప్రశ్నే బలంగా కనిపిస్తుంది. గుళ్లలోనూ కులం చావలేదు. సంబంధాలు కలుపుకునేటప్పుడు అది అందరికన్నా ముందు లేచి కూర్చుంటుంది. కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు కూడా వేరువేరు.

చిలకరింపా, ముంపా?

మిషన్లు జిల్లాలను పంచుకున్నట్టే పద్ధతులనూ పంచాయి. ఆంగ్లికన్, లండన్ మిషన్ వారసులైన సీఎస్ఐ వాళ్లు, కతోలికులు పసిబిడ్డ నుదుటి మీద నీళ్లు పోస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్లు పెద్దయ్యాక, అడిగి తెలుసుకున్నాక, నిలువునా ముంచుతారు. నంద్యాల పిల్లను కర్నూలుకు ఇవ్వాలంటే పెళ్లి మాటల్లో కట్నం కన్నా ముందు ఈ చర్చ వచ్చే ఇళ్లున్నాయి.

ఈస్టర్ నాడు ఇచ్చే ముంపు బాప్తిస్మానికి నీళ్లు కావాలి. ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన చోట, అదీ ఎండాకాలం మొదట్లో! సుంకేసుల నుంచి కడప దాకా సాగే కేసీ కాలువను మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863–70 మధ్య తవ్వింది. నష్టాల్లో మునిగాక 1882లో దాన్ని ప్రభుత్వం కొనుక్కుంది. ఈస్టర్ నాటికి ఆ కాలువ చాలాచోట్ల అడుగు కనబడుతుంది. తుంగభద్రలో మడుగులే మిగులుతాయి. కాబట్టి రైతు బావినో, మోటారు కింది తొట్టినో అడుక్కోవాలి. బావి యజమాని హిందువైనా ముస్లిమైనా ఆ రోజుకు మోటారు వేసిపెట్టడం మామూలే. పట్నాల్లో ఇప్పుడు గుడిలోనే వేదిక కింద సిమెంటు తొట్టి కడుతున్నారు, దాన్ని ట్యాంకరు నింపుతుంది.

తెల్లబట్టల్లో మనిషి నడుముల్లోతు నీళ్లలో నిలబడతాడు. అయ్యగారు వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చి ముంచుతారు. ఆ ఒక్క క్షణం పాతిపెట్టడం, పైకి లేపడం తిరిగి పుట్టడం. పౌలు పత్రికల్లో వివరించిన సంగతి, గట్టు మీద ఉన్న పశువుల కాపరికి కూడా చూడగానే తెలిసిపోతుంది. పైకి లేచిన మనిషి ముక్కుల్లో నీళ్లు పోయి దగ్గుతుంటే గట్టు మీద ఆడవాళ్లు పాట ఎత్తుకుంటారు. ఆ తర్వాత ఆ తొట్టి నీళ్లు వృథా పోవు. చెట్లకు పారిస్తారు.

■ పోలూరు నుంచి వాటికన్ దాకా

*కార్డినల్ పూల ఆంథోనీ 1961 నవంబర్ 15న కర్నూలు సీమలోని పోలూరులో పుట్టారు. ఏడో తరగతి తర్వాత పేదరికం చదువును ఆపేస్తే, మిషనరీల చేయూతతో కడపలో చదువు కొనసాగించారు. 1992లో కడప మేత్రాసనానికి గురువుగా అభిషేకం పొందారు. 2008లో కర్నూలు పీఠాధిపతి, 2020లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ ఆయనను కార్డినల్‌గా చేశారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. 2025లో ఈస్టర్ మరుసటి రోజు, ఏప్రిల్ 21న, ఫ్రాన్సిస్ కన్నుమూశారు. మే 8న పోప్ లియో 14ను ఎన్నుకున్న 133 మంది కార్డినళ్లలో పోలూరు బిడ్డ కూడా ఒకరు.*

మొదట విన్నది ఆడవాళ్లే

ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలు. వాళ్లు పరుగెత్తుకొచ్చి చెబితే, మగ శిష్యులు వెర్రిమాటలని కొట్టిపారేశారని లూకా రాశాడు. ఈస్టర్ పొద్దున ఈ భాగం చదివినప్పుడు ఆడవాళ్ల వరసల్లో ఒక నవ్వు కదులుతుంది. అయ్యగారు అది చూడనట్టే ఉంటారు.

సీమలో ఆ నవ్వుకు వెనక చరిత్ర ఉంది. మిషన్ల కాలంలో బైబిల్ ఉమన్ అనే ఉద్యోగం ఉండేది. ఎక్కువగా వితంతువులు. చంకలో పుస్తకం, చేతిలో గొడుగు, రోజుకో పల్లె. మిషనరీ దొరలు అడుగుపెట్టలేని వంటిళ్లలోకి వీళ్లు వెళ్లేవాళ్లు. ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించింది, కాన్పుకు జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రికి తీసుకుపోయేలా మగవాళ్లను ఒప్పించింది వీళ్లే. ఆ ఆసుపత్రి ఎంత పేరుపడ్డదంటే, వైద్యం చదువుకుని వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి మొదట డాక్టరుగా పనిచేసింది కూడా అక్కడే. బిషప్పుల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. ఈ ఆడవాళ్ల పేర్లు చాలావరకు మిషన్ల జమాఖర్చుల పుస్తకాల్లో, జీతాల పద్దు కింద ఉండిపోయాయి.

ఈ రోజుకీ గుడి నడిచేది వాళ్లమీదే. స్త్రీల సమాజం చందాలు వేసుకుని పూలు తెస్తుంది, చాపలు పరుస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ రాగాల పేర్లు తెలియకుండానే, అమ్మ పాడగా విన్న వరసలో తప్పులేకుండా పాడే గొంతులు వాళ్లవి. యువకుల కీబోర్డు, ప్యాడ్స్ వచ్చాక పాత కీర్తనలకు చోటు తగ్గిందని వాళ్ల ఫిర్యాదు. ఈస్టర్ తెల్లవారుజామున మాత్రం కీబోర్డు సమాధుల దాకా రాదు, అక్కడ వాళ్లదే పైచేయి.

సుగ్గిలో ఒకరు, కువైట్‌లో ఒకరు

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో ఈస్టర్ నాటికి సగం ఇళ్లకు తాళాలుంటాయి. గుంటూరు సీమలో మిరపకోతలకు సుగ్గిబాట పట్టి పోయి ఉంటారు. పండుగ మార్చి చివర్లో పడితే రాలేరు, ఏప్రిల్ మూడో వారంలో పడితే లారీలెక్కి వస్తారు. చందమామ లెక్క వాళ్ల ఈస్టర్‌ను ఇలా కూడా నిర్ణయిస్తుంది. రాలేనివాళ్లు మిరపకళ్లాల పక్కన వేసుకున్న పట్టాల గుడారాల దగ్గరే ప్రార్థన చేసుకుంటారు.

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి వేలమంది గల్ఫ్‌లో ఉన్నారు. ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లే ఎందరో. అక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన ఎక్కువగా ఆ రోజే. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు సహా ఎన్నో భాషల సంఘాలు కూడతాయి. గుడ్ ఫ్రైడే వాళ్లకు సరిగ్గా దొరుకుతుంది. ఈస్టర్ ఆదివారమే పనిదినం. కడపలో ఐదు గంటలకు ఆరాధన మొదలైతే అక్కడ రాత్రి రెండున్నర. సేఠు ఇంట్లో అందరూ నిద్రపోయిన వేళ, గొంతు వినబడకుండా, వీడియో కాల్‌లో తల్లి సమాధి మీద వెలిగిన కొవ్వొత్తి చూస్తుంది కూతురు. కెమెరా ఇంకాస్త దగ్గరికి పెట్టమని తమ్ముడికి మెసేజ్ చేస్తుంది. పేరు కొత్తగా రంగు వేయించారా లేదా అన్నది ఆమె చూడాలి. ఆ రంగుకు డబ్బు పంపింది ఆమే.

నలభై రోజుల తర్వాత మటన్

గుడిలో ప్రసంగం మొదలయ్యేసరికి ఏడు. బయట అప్పటికే పొయ్యిలు రాజుకున్నాయి. కడపలో మటన్ కొట్టు సాయిబుకు ఈస్టర్ ఎప్పుడో క్యాలెండర్ చూడకుండానే తెలుసు. నలభై రోజులు పడిపోయిన బేరం ఆ ఒక్క పొద్దున తిరిగొస్తుంది. నాలుగింటికే కొట్టు తెరుస్తాడు. తెలిసినవాళ్లకు ముందురోజే పక్కన పెడతాడు. రంజాన్‌కు తమ ఇంటికి సేమియా డబ్బా పంపిన తుర్కోళ్ల ఇంటికి, అదే డబ్బాలో కూర నింపి పంపించాలని ఇల్లాలు లెక్కలేసుకుంటూ ఉంటుంది.

సంగటి ముద్ద, మటన్ కూర, చిత్రాన్నం. కడప దిక్కున ఓళిగలు, కర్నూలు దిక్కున బచ్చాలు. ఊళ్లో సంఘం డబ్బుతో పెట్టే ప్రేమవిందుకు చాపలు పరిచాక, కులం అడగకుండా వరసలో కూర్చోబెట్టాలన్నది పాత మిషన్ నియమం. వడ్డించేవాళ్లు మాత్రం దాన్ని కొత్తగా కనిపెట్టినట్టు ఏటా ఒకసారి అరిచి గుర్తుచేస్తారు.

ఈ వాసనంతా కిటికీల్లోంచి గుడిలోకి వస్తున్నప్పుడు లోపల అయ్యగారు ప్రసంగంలో మూడో అంశం మొదలుపెడతారు. వెనక వరసలో పిల్లలు కదులుతారు. తర్వాత పెద్దలూ కదులుతారు. ఆయన ఓసారి కిటికీ వైపు చూసి, బైబిలు మూసి, నాలుగో అంశం పెంతెకొస్తు ఆదివారం చెప్పుకుందామంటారు. ఆ రోజంతటికీ గట్టి 'ఆమెన్' దానికే వస్తుంది.